ధర్మకాంట కంప్యూటర్‌కు ఒక కార్డు: డెస్క్‌టాప్‌లో ఎక్స్‌పాన్షన్ కార్డులు బిగించే పద్ధతి

యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో మిర్యాలగూడ చుట్టుపక్కల నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, కొత్త కంప్యూటర్ కొన్నాం. కాంటా వైరు పెట్టడానికి చోటే లేదు." ధర్మకాంట దగ్గర బరువు చూపే ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చేది ఇప్పటికీ చాలా చోట్ల తొమ్మిది పిన్నుల సీరియల్ వైరే. కొత్త డెస్క్‌టాప్‌ల వెనక ఆ పోర్టు సాధారణంగా ఉండదు. బయట ట్రాక్టర్లు వరస కట్టి ఉంటాయి, లోపల గుమాస్తా అంకెలు చూసి చేత్తో రాసుకుంటూ ఉంటాడు. దీనికి మందు అరచేతిలో పట్టేంత కార్డు ఒకటి.

సీరియల్ కార్డు అయినా, పిడుగుకు పోయిన లాన్ పోర్టు (నెట్ వైరు పెట్టేది) స్థానంలో వేసే లాన్ కార్డు అయినా, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలో గ్రాఫిక్స్ కార్డు అయినా, బిగించే పద్ధతి ఒకటే. స్లాట్‌లో దింపడానికి పది నిమిషాలు చాలు. నాకు తెలిసి ఎవరి పనీ అక్కడ చెడలేదు. కొనేముందు కొలవకపోవడం వల్ల, బిగించాక ఆ కార్డుకు విండోస్ ఏ నంబరు ఇచ్చిందో చూడకపోవడం వల్ల చెడింది. అందుకే ఈ రెండింటికీ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కొనేముందు క్యాబినెట్ తెరవండి

ముందు మూత తీసి లోపల ఫొటో తీసుకోండి. మదర్‌బోర్డు మీద వెనక గోడ వైపు అడ్డంగా కనిపించే పొడవాటి గాడులే స్లాట్లు. ఈ కాలపు బోర్డుల్లో ఉండేవి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు. వీటి ప్రమాణం 2003లో వచ్చింది. చిన్నది ఎక్స్1, సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు. పెద్దది ఎక్స్16, సుమారు 89 మిల్లీమీటర్లు. మధ్యలో ఎక్స్4, ఎక్స్8 కూడా ఉంటాయి. చిన్న కార్డు పెద్ద స్లాట్‌లో నిక్షేపంగా పనిచేస్తుంది. ఎక్స్1 స్లాట్లు నిండిపోతే సీరియల్ కార్డును ఎక్స్16లో పెట్టడానికి జంకవద్దు. పెద్ద కార్డు చిన్న స్లాట్‌లో పట్టాలంటే మాత్రం ఆ స్లాట్ చివర తెరిచి ఉండాలి. అలాంటివి అరుదు.

పాత బోర్డుల్లో తెల్లగా కనిపించే స్లాట్లు వేరు. అవి 1992 నాటి పీసీఐ. పేరు దగ్గరగా ఉన్నా ఈ రెండింటికీ పొత్తు కుదరదు. దుకాణంలో "పీసీఐ సీరియల్ కార్డు" అని మాత్రమే అడిగితే పాత రకం చేతిలో పెట్టే అవకాశం ఉంది. "పీసీఐ ఎక్స్‌ప్రెస్" అని పూర్తిగా చెప్పండి. కార్డు అడుగున ఉండే బంగారు రంగు పళ్లను, వాటి మధ్య గాటును మీ ఫొటోతో పోల్చి చూసుకోండి.

పొడవుగా కనిపించే రెండో స్లాట్ లోపల కూడా తొంగి చూడండి. బయటికి ఎక్స్16లా ఉన్నా, లోపలి లోహపు పిన్నులు నాలుగో వంతు వరకే ఉండి ఆగిపోవచ్చు. అది ఎక్స్4 అన్నమాట. గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే మొదటి పొడవాటి స్లాట్‌కే కేటాయించండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 డ్రైవ్ (బోర్డు మీదే అమర్చే సన్నటి స్టోరేజ్ పలక) పెడితే ఒక స్లాట్ పనిచేయడం మానేస్తుంది. ఆ సంగతి బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది.

తర్వాతి కొలత బ్రాకెట్. కార్డు చివర వెనక గోడకు బిగించే రేకు పట్టీ అది. మామూలు క్యాబినెట్‌కు సుమారు 120 మిల్లీమీటర్ల పట్టీ కావాలి, సన్నటి క్యాబినెట్‌కు సుమారు 80. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మన వైపు వచ్చే వాడిన ఆఫీసు కంప్యూటర్లలో ఈ సన్నరకం చాలా ఎక్కువ. మొదట్లో నేను ఈ కొలత చూడకుండానే ఒక లాన్ కార్డు తీసుకుని దేవరకొండ వెళ్లాను. స్లాట్‌లో కూర్చుంది, పట్టీ మాత్రం క్యాబినెట్ మీద నుంచి కొమ్ములా పైకి లేచింది. మూత పడలేదు. చిన్న పట్టీ కార్డు డబ్బాలోనే ఉండాలి, ఆ డబ్బా నల్లగొండలో నా బల్ల మీద ఉంది. ఇంటివాళ్లు టీ ఇచ్చి పంపారు, నేను మరునాడు మళ్లీ బస్సెక్కాను.

కరెంటు లెక్క

సీరియల్, లాన్, వైఫై కార్డులకు ఈ లెక్కతో పని లేదు. అవి కొద్ది వాట్లతో గడిపేస్తాయి. గ్రాఫిక్స్ కార్డు కొనేవారు ఈ భాగం రెండుసార్లు చదవాలి.

ఎక్స్16 స్లాట్ తనంతట తాను గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా) నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు మోస్తాయి. గ్రాఫిక్స్ కార్డుల్లో జీటీ 1030కి 30 వాట్లు, ఆర్‌ఎక్స్ 6400కి 53, జీటీఎక్స్ 1650కి 75 వాట్లు కావాలి. ఇవి స్లాట్ కరెంటుతోనే నడుస్తాయి, కానీ జీటీఎక్స్ 1650లో కొన్ని కంపెనీల కార్డులు ఆరు పిన్నుల వైరు అడుగుతాయి. కొనేముందు చూసుకోండి.

ఇక ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో రాసిన అంకెను నమ్మకండి. పక్కన చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12ను 16తో గుణించండి: 192 వాట్లు. డబ్బా మీద 450 అని ఉన్నా, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు అక్కరకు వచ్చేది ఈ 192 మాత్రమే. తక్కువ ధర ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ తేడా మామూలు.

ఆరు పిన్నుల వైరు లేదని, హార్డ్‌డిస్క్‌కు కరెంటిచ్చే సాటా వైరుకు కన్వర్టర్ తగిలించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. సాటా ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులే ఉంటాయి, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. అంటే మొత్తం 54 వాట్లు. అటువైపు కార్డు 75 దాకా లాగవచ్చు. ప్లగ్గు కరిగి అతుక్కుపోయిన వైర్లు నా దగ్గర రెండు ఉన్నాయి, అడిగినవారికి చూపిస్తాను.

తెరిచే ముందు

ముఖ్యమైన ఫైళ్లు మరో చోట కాపీ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో, మార్పులు చేసినప్పుడు విండోస్ ఆ కీ అడగవచ్చు. షిఫ్ట్ మీట నొక్కి పట్టి షట్‌డౌన్ చేయండి, అప్పుడే విండోస్ సగం నిద్రలో కాకుండా పూర్తిగా ఆగుతుంది.

తర్వాత ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదా అని అడుగుతారు. పాత ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉండటం మామూలే. అలాంటి చోట స్విచ్ ఆపినా ఫేజు ఎస్‌ఎంపీఎస్ దాకా వస్తూనే ఉంటుంది. పైగా ప్లగ్గులో ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా మదర్‌బోర్డుకు 5 వోల్టులు అందుతుంటాయి. బోర్డు మీద చిన్న లైటు వెలుగుతుంటే అదే గుర్తు. ప్లగ్గు పీకాక పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. మిగిలిన కరెంటు దిగిపోయి ఆ లైటు ఆరుతుంది. మానిటర్, నెట్, సీరియల్, యూఎస్‌బీ వైర్లన్నీ తీసేయండి.

ఇక్కడ ఎర్తింగ్ గురించి ఒక మాట. క్యాబినెట్ లోహానికి వేలు తగిలితే జివ్వుమంటోందా? ఇంట్లో ఎర్తు లేదు, లేదా ఎండిపోయింది. మన రాతి నేలల్లో ఎండాకాలం ఎర్తు గుంత పొడిబారుతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. ఎర్తు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద వంద వోల్టులకు పైగా నిలుస్తుంది. కరెంటు స్వల్పమే కాబట్టి మనిషికి జివ్వుమని ఆగుతుంది. కానీ అవతల కాంటా ఇండికేటర్ మరో ఎర్తు మీద ఉంటే, సీరియల్ వైరు తగిలించిన క్షణంలో ఆ తేడా అంతా పోర్టు మీద పడుతుంది. ధర్మకాంటల దగ్గర పోర్టులు ఊరికే పోతున్నాయని కార్డులు మార్చుకుంటూ పోయేవారు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సీరియల్ వైరును ఎప్పుడూ రెండు వైపులా కరెంటు ఆపాకే తగిలించండి.

ఒంటి మీద స్థిర విద్యుత్తు సంగతి: ఏసీ గదిలో, డిసెంబరు, జనవరి పొడి గాలిలో దీని బెడద ఎక్కువ. దుప్పటి మీద, నైలాన్ చాప మీద కూర్చుని పని చేయవద్దు. చెక్క బల్ల మేలు. కార్డును కవరు నుంచి తీసే ముందు, మధ్య మధ్యలో కూడా, క్యాబినెట్‌లో రంగు లేని లోహాన్ని చేత్తో తాకండి. కార్డును అంచులతోనే పట్టుకోవాలి. బంగారు పళ్లను ముట్టకూడదు.

బిగించడం

క్యాబినెట్‌ను బల్ల మీద పక్కకు పడుకోబెట్టండి, బోర్డు అడుగున ఉండేలా. అప్పుడు కార్డును పైనుంచి కిందికి దింపవచ్చు. దుమ్ము ఉంటే బ్లోయర్‌తో ఊదండి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి. మిల్లు కంప్యూటర్లలో ఊక, తవుడు పొర కట్టి ఉంటాయి. స్లాట్ గాడి లోపల ఒక్క ఊక రేకు ఉన్నా కార్డు సరిగ్గా కూర్చోదు. అక్కడ టార్చి వేసి చూడండి.

మీరు ఎంచుకున్న స్లాట్‌కు ఎదురుగా వెనక గోడలో ఉన్న రేకు పట్టీని తీయాలి. పక్క పట్టీ తీసి నాలుక కరుచుకోవడం అందరికీ ఒకసారి జరుగుతుంది. అందుకే ముందు కార్డును స్లాట్ పైన ఊరికే పట్టుకుని ఏ పట్టీయో గుర్తుపెట్టుకోండి. మందమైన గ్రాఫిక్స్ కార్డుకు పక్కపక్క పట్టీలు రెండు తీయాలి. స్క్రూతో బిగించిన పట్టీలైతే స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. చవక క్యాబినెట్లలో పట్టీని రేకులోనే సగం కోసి వదిలేస్తారు. దాన్ని ముందుకూ వెనక్కూ వంచితే విరుగుతుంది. అంచు బ్లేడులా ఉంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి.

ఇప్పుడు కార్డు. పళ్ల మధ్య గాటును స్లాట్‌లోని అడ్డుగోడకు ఎదురుగా తెచ్చి, బ్రాకెట్ కింది కొనను బోర్డుకూ వెనక గోడకూ మధ్య ఉండే సన్నటి సందులోకి జారనివ్వండి. చాలామందికి ఈ కొన సంగతి తెలియదు. అది సందులో దిగకుండా రేకు మీద కూర్చుంటే ఎంత నొక్కినా కార్డు దిగదు, బలం పెంచితే బోర్డు వంగుతుంది. కొన దిగాక రెండు బొటనవేళ్లతో కార్డు రెండు చివర్లా ఒకే ఒత్తిడితో నేరుగా నొక్కండి. ముందు కొంచెం బిగువుగా తగిలి, తర్వాత లోపలికి జారినట్టు తెలుస్తుంది. ఎక్స్16 స్లాట్ అయితే చివర క్లిప్పు టక్కున పడుతుంది. చిన్న స్లాట్‌కు క్లిప్పు ఉండదు, కంటితోనే చూడాలి. బంగారు పళ్ల పై అంచు స్లాట్ పొడవునా ఒకే సన్నటి గీతలా కనిపించాలి. ఒక వైపు ఎక్కువ కనిపిస్తే కార్డు ఏటవాలుగా ఉన్నట్టే.

స్క్రూ బిగించేటప్పుడు ఇంకోసారి అదే గీత చూడండి. బ్రాకెట్ కాస్త వంకరగా ఉంటే, స్క్రూ బిగిసే కొద్దీ అది వెనక గోడ వైపు లాగి, కార్డు అవతలి చివరను స్లాట్ నుంచి వెంట్రుకవాసి పైకి లేపుతుంది. జడ్చర్లలో ఒక స్టూడియో గ్రాఫిక్స్ కార్డుతో నేను అరపూట కుస్తీ పట్టింది దీనికే. స్క్రూ తీస్తే బొమ్మ వస్తుంది, బిగిస్తే పోతుంది. చివరికి బ్రాకెట్‌ను ప్లయర్‌తో ఒకింత సరిచేస్తే కుదిరింది. క్యాబినెట్ స్క్రూలు రెండు రకాలు: మరలు దూరం దూరంగా ఉండే 6-32, దగ్గర దగ్గరగా ఉండే ఎం3. స్లాట్ దగ్గర సాధారణంగా మొదటిదే ఉంటుంది. చేత్తో రెండు చుట్లు తిరగకపోతే అది ఆ రంధ్రానిది కాదు.

గ్రాఫిక్స్ కార్డుకు విడి వైరు ఉంటే ఇప్పుడు తగిలించండి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల ప్లగ్గు చూడటానికి దీనిలాగే ఉంటుంది, కానీ దానిలో పాజిటివ్, నెగటివ్ తిరగబడి ఉంటాయి. నాలుగు, నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది. ఆరు, రెండుగా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. వైఫై కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే డబ్బాలో ఒక సన్నటి వైరు వస్తుంది. దాన్ని బోర్డు మీది తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కు కలపాలి. కలపకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు.

మొదటిసారి ఆన్ చేయడం

మూత వేయకుండానే ఆన్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు వేసినవారు మానిటర్ వైరును కార్డు పోర్టుకు మార్చాలి, బోర్డు పోర్టులో వదిలేసి తెర నల్లగా ఉందని కంగారు పడవద్దు. అప్పటికీ నల్లగానే ఉంటే ఆపి, ప్లగ్గు పీకి, కార్డు తీసి మళ్లీ కూర్చోబెట్టండి, విడి వైరు పూర్తిగా దిగిందో చూడండి. వాడిన కార్డు అయితే పళ్ల మీద మసి ఉండవచ్చు. మన మెకానిక్‌లు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పని అవుతుంది, కానీ రబ్బరు పొట్టు మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిస్తే ఇంకా మంచిది.

బయోస్‌లో చేయాల్సింది తక్కువ. తెర రాకపోతే ప్రైమరీ డిస్‌ప్లేను ఆటో నుంచి పీఈజీకి (అంటే స్లాట్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు) మార్చి చూడండి. లాన్ పోర్టు పిడుగుకు పోయి కొత్త కార్డు వేసినవారు బోర్డులోని పాత లాన్‌ను డిసేబుల్ చేయండి, కాలిన చిప్పు విండోస్‌ను అడ్డగోలుగా ఇబ్బంది పెట్టకుండా ఉంటుంది. ఎం.2 డ్రైవ్‌ను కార్డు మీద పెట్టి స్లాట్‌లో వేసినవారికి ఒక హెచ్చరిక: పాత బోర్డుల్లో దాని నుంచి విండోస్ మొదలు కాకపోవచ్చు, డేటా దాచుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

డ్రైవర్, ఆ తర్వాత నంబరు

లాన్ కార్డులకు విండోస్ 10, 11 చాలావరకు డ్రైవర్ తామే వెతుక్కుంటాయి. గ్రాఫిక్స్ కార్డుకు చిప్పు తయారీదారు సైటు నుంచి దించుకోవాలి. సీరియల్ కార్డుకు డ్రైవర్ దాని మీది పెద్ద చిప్పు పేరును బట్టి ఉంటుంది, డబ్బా మీది బ్రాండును బట్టి కాదు. బిగించే ముందే ఆ చిప్పు మీది అక్షరాలు ఫోనుతో ఫొటో తీసుకోండి. పాత కార్డుల మీద ఎంసీఎస్ 9900 వరస పేర్లు కనిపిస్తే, అవి హైదరాబాద్‌కు చెందిన మాస్‌చిప్ రూపొందించిన చిప్పులు.

డ్రైవర్ పడ్డాక కాంటా సాఫ్ట్‌వేర్ తెరిస్తే బరువు రాదు. దాదాపు ప్రతిసారీ రాదు. విండోస్ సీరియల్ పోర్టులకు కామ్ 1, కామ్ 2 అని నంబర్లు ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ కామ్ 1లో వింటూ ఉంటుంది, విండోస్ మాత్రం కొత్త పోర్టుకు కామ్ 3 అనో కామ్ 5 అనో పేరు పెట్టి ఉంటుంది. డివైస్ మేనేజర్ తెరిచి, పోర్ట్స్ వరసలో కొత్త పోర్టు మీద రెండుసార్లు నొక్కండి. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కితే నంబరు ఎంచుకునే గడి వస్తుంది. కామ్ 1 పక్కన ఇప్పటికే వాడుకలో ఉందని చూపితే, వ్యూ మెనూలో దాగిన పరికరాలను చూపమని చెప్పండి. ఎప్పుడో పీకేసిన కన్వర్టర్లు (యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చే వైర్లు) మసకగా కనిపిస్తాయి. వాటిని తొలగిస్తే నంబరు ఖాళీ అవుతుంది. యూఎస్‌బీ కన్వర్టర్ కంటే కార్డే మేలని నేను అనేది ఈ నంబరు కోసమే. కొన్ని కన్వర్టర్లను పక్క యూఎస్‌బీ పోర్టులోకి మార్చితే చాలు, వాటి నంబరు మారిపోతుంది. కార్డుకు ఇచ్చిన నంబరు స్థిరంగా ఉంటుంది.

నంబరు సరిపోయినా బరువు రాకపోతే తప్పు కార్డుదా, వైరుదా అని తేల్చే పరీక్ష ఒకటుంది. సీరియల్ వైరు తీసి, కార్డు పోర్టును ఎదురుగా, ఐదు పిన్నుల వరస పైకి వచ్చేలా చూడండి. ఎడమ నుంచి రెండోది వినే పిన్ను, మూడోది పంపే పిన్ను. ఆ రెండింటినీ ఒక చిన్న వైరు ముక్కతో కలిపి, సీరియల్ పోర్టుతో మాట్లాడే పుట్టీ లాంటి ప్రోగ్రామ్‌లో ఆ కామ్ నంబరు తెరిచి, ఫ్లో కంట్రోల్ వద్దని పెట్టి ఏదైనా టైప్ చేయండి. కొట్టిన అక్షరం తెర మీద తిరిగి వస్తే కార్డు, డ్రైవర్ రెండూ బాగున్నట్టే, లోపం వైరులోనో ఇండికేటర్‌లోనో ఉంది. వైరు ముక్క తీశాక అక్షరం రావడం ఆగాలి, అదీ చూడండి. ఇండికేటర్ తగిలించాక అంకెలకు బదులు పిచ్చి గుర్తులు వస్తే వేగం (బాడ్ రేట్) కుదరలేదు. ఇండికేటర్‌లో 2400 ఉండి ఇక్కడ 9600 ఉంటే జరిగేది ఇదే. రెండు వైపులా ఒకే అంకె పెట్టండి.

ఎప్పుడైనా కార్డు తీయాల్సి వస్తే ముందు స్క్రూ, తర్వాత విడి వైరు, ఆపైన స్లాట్ చివరి క్లిప్పు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కింద ఆ క్లిప్పు కనిపించదు, చెక్క స్కేలు కొనతో నొక్కవచ్చు. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీద గీత పడుతుంది.

అంతా బాగుందనిపించాక మూత వేయండి. తీసిన రేకు పట్టీని, మిగిలిన స్క్రూను, రెండో బ్రాకెట్‌ను చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి ఎస్‌ఎంపీఎస్ వైర్ల కట్టకు కట్టండి, ఫ్యాన్లకు దూరంగా. మూత లోపలి వైపు కాగితం అతికించి కార్డు చిప్పు పేరు, కామ్ నంబరు, వేగం, బిగించిన తేదీ రాయండి. వచ్చే వానాకాలం పంటకు ఆ కంప్యూటర్ తెరిచేది మీరే కాకపోవచ్చు.